మూడో ప్రతివాది చిరునామా



"అయ్యా, ఇవాళ మాకు పనుందా?"

ముప్పై ఏళ్లకు పైగా కోర్టు గుమాస్తాగిరీ చేసిన నేను అన్నిటికంటే ఎక్కువసార్లు విన్న ప్రశ్న ఇది. గెలుస్తామా లేదా అని వకీలు గారిని అడుగుతారు. న్యాయం ఎప్పుడు జరుగుతుందని దేవుణ్ణి అడుగుతారు. గుమాస్తాను అడిగేది మాత్రం ఈ ఒక్క ముక్కే. పనుంటే వేపచెట్టు కింద కూర్చుంటారు. లేదంటే పన్నెండు గంటల బస్సు పట్టుకుని పోయి, ఆ పూటకైనా చేనుకు నీళ్లు పెట్టుకుంటారు.

నేను కాపీయిస్టుగా చేరి, సూపరింటెండెంటుగా దిగాను. మధ్యలో చాలాకాలం బెంచి క్లర్కుగా జడ్జిగారి కింద కూర్చుని కేసులు పిలిపించాను. ఆ రోజుల్లో ఒక పెద్దాయన వచ్చేవాడు. భాగపంపకాల దావా. ఆయనే వాది. వాయిదా ఉన్న రోజున మొదటి బస్సుకే దిగి, అన్నం గిన్నె పక్కన పెట్టుకుని వరండాలో కూర్చునేవాడు. ఒకరోజు మామూలు ప్రశ్నే అడిగాడు. ఆ రోజు నాకెందుకో కేసు వాయిదాలన్నీ రాసి ఉండే డాకెట్ షీటు మొత్తం తిరగేయాలనిపించింది. పదకొండు వాయిదాలు. పదకొండూ మూడో ప్రతివాదికి సమన్లు అందకపోవడం వల్లే. మొదటిసారి అమీనా, అంటే సమన్లు అందించే కోర్టు ఉద్యోగి, రాసుకొచ్చింది ఇది: ఈ పేరు, ఈ ఇంటిపేరు గలవారు ఊళ్లో ఇద్దరున్నారు, ఎవరో తేలలేదు. తర్వాత తండ్రి పేరు సరిచేశారు. ఈసారి ఇంటికి తాళం. ఆ తర్వాత సమన్లు పంపే ఖర్చుకు కట్టాల్సిన బత్తా కట్టలేదు. బత్తా కట్టాక సమన్లు వెళ్లాయి కానీ తిరిగి రాలేదు. ఇలా ఏడాది దాటింది.

"ఈ మూడో ప్రతివాది మీకేమవుతాడు?" అని అడిగాను.

"మా తమ్ముడి కొడుకండి."

"ఎక్కడుంటాడు?"

"ఇక్కడే, బస్టాండు పక్కన టీ కొట్టు పెట్టుకున్నాడు. పొద్దున వచ్చేటప్పుడు చూశాను."

నాకు నోట మాట రాలేదు. మరి ఎవరికీ చెప్పలేదేమండీ అంటే, "ఎవరూ అడగలేదు బాబూ" అన్నాడు.

ఆయన తప్పేం లేదు. వకీలు గుమాస్తా దావా కాగితంలో ఊరి పేరు రాసి ఊరుకున్నాడు. మా ఆఫీసులో ఆ కాగితం తీసుకున్నవారు కోర్టు ఫీజు సరిపోయిందా, కాపీలు సరిపోయాయా అని చూశారు. చిరునామా పనికొస్తుందా అని చూడటం ఎవరి పనీ కాదు. జడ్జిగారు వచ్చిన కాగితం చూసి వాయిదా వేశారు. అందరూ తమ పని తాము సక్రమంగానే చేశారు. పదకొండుసార్లు బస్సు ఛార్జీ పెట్టుకున్నది మాత్రం పెద్దాయన.

కోర్టుల ఆలస్యం గురించి మాట్లాడేటప్పుడు అందరూ పెద్ద మాటలే మాట్లాడతారు. జడ్జీలు చాలరంటారు. అది నిజమే. 10 లక్షల జనాభాకు 50 మంది జడ్జీలుండాలని లా కమిషన్ 1987లో తన 120వ నివేదికలో చెప్పింది. ఇప్పటికీ ఆ లెక్కలో మనం సగానికి కూడా చేరలేదు. వకీళ్లు వాయిదాలు అడుగుతారంటారు. అదీ నిజమే. కానీ డాకెట్ షీటు చేత్తో పట్టుకుని బతికినవాడిగా నాకు తెలిసిందేమిటంటే, దావా వయసులో సింహభాగం వాదనల్లో గడవదు. సాక్ష్యాల్లోనూ గడవదు. కాగితం ఒక బల్ల మీదినుంచి ఇంకో బల్ల మీదికి పోవడంలో గడుస్తుంది. దాన్ని చక్కదిద్దడానికి చట్టం మార్చనక్కర్లేదు. ఇల్లు సర్దుకున్నట్టు ఆఫీసు సర్దుకోవాలి.

అసలు చట్టం మార్చలేదా అంటే మార్చారు. సివిల్ ప్రొసీజర్ కోడ్‌కు చేసిన పెద్ద సవరణలు 2002 జులై 1 నుంచి అమల్లోకి వచ్చాయి. ప్రతివాది 30 రోజుల్లో జవాబు దావా వేయాలి, మహా అయితే 90 రోజులు. విచారణలో ఒక పక్షానికి మూడు వాయిదాలకు మించి ఇవ్వకూడదు. సమన్లు కొరియర్లో పంపొచ్చు. కావాలంటే వాదే స్వయంగా అందించొచ్చు. ఈ సవరణల మీద సేలం వకీళ్ల సంఘం సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ కేసులోనే ఒక కమిటీ వేశారు. దానికి అధ్యక్షుడు మన తెలుగువారే, సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా చేసి తర్వాత లా కమిషన్‌కు నాయకత్వం వహించిన జస్టిస్ ఎం. జగన్నాధరావు గారు. ఆ కమిటీ తయారుచేసిన నమూనా నియమాలను సుప్రీంకోర్టు 2005 ఆగస్టులో హైకోర్టుల ముందు పెట్టింది.

అందులో ఆలోచన చాలా సాదా. అన్ని దావాలూ ఒకే జాతివి కావు. భార్యాబిడ్డల మనోవర్తి, పిల్లల సంరక్షణ, మామూలు అద్దె తగాదా ఒక దారిలో నడవాలి. ప్రామిసరీ నోటు బాకీలు ఇంకో దారిలో. ఆస్తి పంపకాలు మూడో దారిలో, మిగిలినవి నాలుగో దారిలో. ప్రతివాదులు హాజరైన నాటినుంచి మొదటి దారికి 9 నెలలు, రెండోదానికి 12 నెలలు, మిగిలిన రెండింటికీ 24 నెలలు. రైల్వేవాళ్లు గూడ్సు బండిని పక్క లైనులో నిలిపి ఎక్స్‌ప్రెస్‌కు దారిస్తారు కదా, అలాగన్నమాట. మా కోర్టులో మాత్రం మనోవర్తి అడిగే ఆడమనిషి, నలభై ఎకరాల పంపకం అడిగే అన్నదమ్ములు ఒకే జాబితాలో ఒకరి వెనక ఒకరు నిలబడేవారు. నోటు దావా వయసూ పంపకం దావా వయసూ ఇంచుమించు ఒకటే అయ్యేది.

ఈ నియమాలు కాగితం మీదికి వచ్చినంత తేలిగ్గా కోర్టు హాల్లోకి రాలేదు. దావా వేసిన రోజున ఇది ఏ దారిలో పోవాలో ఎవరో ఒకరు చూసి ముద్ర వేయాలి. ఆ ముద్రను బట్టి వాయిదాలు పడుతున్నాయా అని ఇంకెవరో గమనిస్తూ ఉండాలి. ఆ ఎవరో ఎవరన్నది తేలనంతవరకు మంచి నియమం బీరువాలో ఉంటుంది.

ఇక కంప్యూటర్ల సంగతి. దీని మీద నాకు భక్తీ లేదు, విరోధమూ లేదు. జాతీయ విధానం 2005లో రాశారు. ఈకోర్టుల పథకం 2007లో మొదలైంది. రెండో దశ 2015లో వచ్చింది, దానికి 1,670 కోట్లు. మూడో దశకు 2023 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం 7,210 కోట్లు మంజూరు చేసింది. మా కోర్టులోకి మొదటి కంప్యూటర్లు వచ్చినప్పుడు వాటికి తెల్లటి తువ్వాళ్లు కప్పి, దుమ్ము పడకుండా కాపలా కాశాం. రిజిస్టర్లు చేత్తో రాయడం ఆపలేదు. అదే సమాచారాన్ని మళ్లీ కంప్యూటర్లోకి ఎక్కించాం. పని సగం కావడం మాట అటుంచి, కొన్నాళ్లు రెట్టింపయింది.

కానీ మెల్లగా ఒక మార్పు వచ్చింది. అది మామూలు మార్పు కాదు. ప్రతి కేసుకూ 16 అక్షరాలు, అంకెల సీఎన్ఆర్ నంబరు వచ్చింది. మొదటి రెండు అక్షరాలు రాష్ట్రానివి, చివరి నాలుగు అంకెలు సంవత్సరానివి. మనుషులకు ఆధార్ ఎలాగో కేసుకు అది అలాగ. కేసు ఒక కోర్టునుంచి మరో కోర్టుకు బదిలీ అయి పాత నంబరు మారిపోయినా దీంతో దాన్ని పట్టుకోవచ్చు. పూర్వం తర్వాతి వాయిదా ఎప్పుడో తెలియాలంటే వకీలు గుమాస్తా వాయిదా పుస్తకంలో చూసి చెప్పాలి. ఆయన దయ. ఇప్పుడు ఊళ్లో కూర్చుని కొడుకు ఫోన్‌లో చూసి చెబుతున్నాడు. అందరికంటే ఎక్కువ కంగారుపడింది మా తోటి గుమాస్తాలే అనుకోండి, వాయిదా తేదీ చెప్పినందుకు దొరికే టీ నీళ్లు పోయాయి మరి!

2015 నుంచి జాతీయ న్యాయ గణాంక ఫలకం ప్రజలందరికీ తెరిచారు. దేశంలోని జిల్లా, కింది కోర్టుల్లో 4 కోట్లకు పైగా కేసులు పెండింగులో ఉన్నాయని, ఏ కోర్టులో ఎన్ని, ఎన్నేళ్లవి అని ఎవరైనా చూడొచ్చు. ఇదివరకు నెలాఖరున మేం స్టేట్‌మెంట్లు తయారుచేసి జిల్లా కోర్టుకు పంపేవాళ్లం. అవి అక్కడినుంచి హైకోర్టుకు పోయేవి. వాటిని ఎవరు చదివేవారో దేవుడికెరుక. ఇప్పుడు లోకమంతా చూస్తోందన్న స్పృహ జడ్జిగారి నుంచి జవాను దాకా ఉంది. అది మంచిదే. ఐతే లెక్క కనిపించడం వేరు, లెక్క తగ్గడం వేరు. జ్వరం ఎంతుందో థర్మామీటరు చెబుతుంది. మందు వేయదు.

ఇప్పుడు నకళ్ల సంగతి చెబుతాను. ఇది నా సొంత పుట్టిల్లు కాబట్టి కొంచెం ఓపిక పట్టండి.

తీర్పు వచ్చింది. ఓడినవాడు అప్పీలుకు పోవాలి. దానికి ధ్రువీకరించిన నకలు కావాలి. దరఖాస్తు పెడతాడు. మేం ఆ కేసు కట్ట తెప్పించి, ఎన్ని పేజీలో లెక్కగట్టి, ఎన్ని రూపాయల కాపీ స్టాంపులు కావాలో రాసి, వరండాలో నోటీసు బోర్డుకు ఒక చీటీ అంటించేవాళ్లం. దాన్ని చూసి అతను స్టాంపులు తెచ్చివ్వాలి. గడువులోగా ఇవ్వకపోతే దరఖాస్తు కొట్టేసినట్టే. అతనేమో ఎక్కడో పల్లెటూళ్లో ఉంటాడు. బోర్డు మా వరండాలో ఉంటుంది. గాలికి ఎగిరిపోయే చీటీ అది. మీ దగ్గర పాత నకలు ఏదైనా ఉంటే వెనక్కి తిప్పి చూడండి. ఒక రబ్బరు ముద్ర, అందులో వరసగా తేదీలు: దరఖాస్తు పెట్టినది, స్టాంపులు కోరినది, స్టాంపులు దాఖలైనది, నకలు సిద్ధమైనది, అందజేసినది. నకలుకు పట్టిన రోజులను అప్పీలు గడువులోంచి మినహాయిస్తారు కాబట్టి ఆ తేదీలు ప్రాణంతో సమానం. ఒక్కో నకలును కాపీయిస్టు టైపు కొట్టాక ఎగ్జామినరు అసలుతో పక్కపక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూసేవాడు. ఒకడు పైకి చదవడం, ఇంకొకడు వినడం. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ చదువు వింటూ కునికిపాట్లు పడినవాళ్లలో నేనూ ఒకణ్ణి.

ఈ గోల మొత్తాన్ని తగ్గించింది ఏ కమిటీ నివేదికా కాదు, జిరాక్సు యంత్రం. టైపు పోయింది, సరిచూడటం పోయింది. ఆ తర్వాత తీర్పులూ ఉత్తర్వులూ వెబ్‌సైటులో పెట్టడం వచ్చింది. ధ్రువీకరించిన ప్రతికి ఇంకా దరఖాస్తు పెట్టాలి కానీ, జడ్జిగారు ఏం రాశారో తెలుసుకోవడానికి ఇప్పుడు ఎవరి కాళ్లూ పట్టుకోనక్కర్లేదు. కోర్టు పరిపాలనలో నేను చూసిన అన్నిటికంటే పెద్ద సంస్కరణ ఏదంటే నేను ఇదే అంటాను. దీనికి శంకుస్థాపన జరగలేదు, శిలాఫలకమూ లేదు.

సమన్ల దగ్గరా ఇలాంటి మార్పే మొదలైంది. అమీనా చేతికి ఇప్పుడు స్మార్ట్‌ఫోన్ ఇస్తున్నారు. ఎన్‌స్టెప్ అనే ఏర్పాటు. సమన్లు తీసుకుని ఇంటికి వెళ్లినప్పుడు అతను ఏ చోట, ఏ సమయంలో నిలబడ్డాడో ఫోనే నమోదు చేస్తుంది. ఇంటికి తాళం ఉంటే ఆ తాళం ఫొటో వస్తుంది. పాతరోజుల్లో బస్టాండు హోటల్లో కూర్చుని "ప్రతివాది ఊళ్లో లేడు" అని రాసుకొచ్చిన ఒకరిద్దరు మహానుభావులు నాకు తెలుసు. అందరూ అలాంటివారని కాదు. ఎర్రటి ఎండలో సైకిలు మీద ఇరవై ఊళ్లు తిరిగిన అమీనాలే ఎక్కువ. ఊళ్లో ఎవడూ మంచినీళ్లు కూడా ఇవ్వడు, సమన్లు తెచ్చినవాణ్ణి ఎవడు ఆదరిస్తాడు?

క్రిమినల్ కేసుల్లో 2024 జులై 1 నుంచి వచ్చిన కొత్త సంహిత, అంటే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, సమన్లను ఎలక్ట్రానిక్ పద్ధతిలోనూ పంపొచ్చంది. అందులో నాకు నచ్చిన చిన్న మార్పు ఇంకొకటుంది. పాత చట్టంలో మనిషి ఇంట్లో లేకపోతే ఆ ఇంట్లో వయసొచ్చిన మగవాడికే సమన్లు ఇవ్వాలి. ఆడవాళ్లకు ఇస్తే చెల్లదు. మగవాళ్లందరూ పనికిపోయిన పగటిపూట ఆ సమన్లు తిరిగి వచ్చేవి. కొత్త చట్టంలో "మగ" అన్న మాట తీసేశారు. వయసొచ్చిన ఇంటి మనిషి ఎవరైనా చాలు. ఒక్క మాట కొట్టేస్తే ఎన్ని వాయిదాలు తగ్గుతాయో ఆ మాట రాసినవారికి ఇన్నేళ్లూ తట్టలేదు.

బెయిలు వచ్చినా ఉత్తర్వు కాగితం జైలుకు చేరక మనుషులు లోపలే మగ్గిపోయిన సందర్భాలూ ఉన్నాయి. 2021లో ఇలాంటి సంగతి తెలిసి అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎన్.వి. రమణ గారు చాలా నొచ్చుకున్నారు. పావురాలతో కబురు పంపే కాలంలో ఉన్నామా అన్న ధోరణిలో మాట్లాడారు. 2022 మార్చి 31న సుప్రీంకోర్టు ఉత్తర్వులు నేరుగా కంప్యూటర్లోనే జైలుకు, కింది కోర్టులకు చేరే ఫాస్టర్ అనే పద్ధతిని ఆయనే ప్రారంభించారు. స్వేచ్ఛ దొరికిన మనిషికి తపాలా ఆలస్యం శిక్ష కాకూడదు కదా.

ఇక్కడ ఒక జడ్జిగారి గురించి చెప్పాలి. పేరు చెప్పను, ఆయనకు ఇష్టముండదు. మేం పనిచేసిన ఆ చిన్న కోర్టులో రోజూ అరవై, డెబ్బై కేసులు జాబితాలో ఉండేవి. పొద్దున పదిన్నరకు మొదలుపెట్టి పేర్లు పిలవడం, హాజరు, గైరుహాజరు, వాయిదా అంటూ పోతే పన్నెండు దాటేది. సాక్షి మాత్రం పొద్దుటినుంచీ అక్కడే. మధ్యాహ్నం బోనులోకి ఎక్కేసరికి వకీలుకు ఇంకో కోర్టులో పని. సాక్షికి మళ్లీ వాయిదా. రెండోసారి అతను రాడు. వారంటు.

ఈ జడ్జిగారు వచ్చిన మొదటి వారంలోనే సాయంత్రం అయిదింటికి నన్ను చాంబర్లోకి పిలిచి, రేపటి కట్టలు తెమ్మన్నారు. ఒక్కొక్కటీ తెరిచి చూశాం. సమన్లు ఇంకా తిరిగి రానివి, బత్తా కట్టనివి, హైకోర్టు స్టేలో ఉన్నవి. ఇవి రేపు పిలిచినా జరిగేదేమీ లేదు. వాటిని వేరు చేసి, వకీళ్లకు ముందుగానే కబురు చేయించి, తేదీ చీటీ బోర్డు మీద పెట్టించారు. సాక్షులున్నవి ఎన్నంటే ఏడో ఎనిమిదో తేలాయి. వాటిని పొద్దునే పెట్టారు. పంచాయితీ ప్రెసిడెంటు సాక్ష్యానికి వస్తే ఆయన పన్నెండుకల్లా ఇంటికి వెళ్లిపోయాడు, కోర్టులో ఇలా కూడా జరుగుతుందా అని అందరికీ చెప్పుకున్నాడట. దీనికి పైనుంచి ఉత్తర్వు రాలేదు. పైసా ఖర్చు కాలేదు. రోజుకు పావుగంట. మా వరండాలో జనం సగానికి పలచబడ్డారు. టీ కొట్టతను నా దగ్గరకొచ్చి మొరపెట్టుకున్నాడు కూడా.

మూడేళ్లకు ఆయన బదిలీ అయ్యారు. కొత్తగా వచ్చినవారూ మంచివారే, తీర్పులు బాగా రాసేవారు. కానీ సాయంత్రం పావుగంట అన్నది ఆయనకు అలవాటు లేదు. నేను ఒకసారి మెల్లగా ఎత్తాను. "చూద్దాంలెండి" అన్నారు. రెండు నెలల్లో వరండా మళ్లీ నిండింది.

నేను ఇవాళ మీ ముందుకొచ్చి చెప్పదలచుకున్నది ఇదే. మన కోర్టుల్లో మంచి పద్ధతులు లేక కాదు. అవి మనుషులతో వస్తాయి, బదిలీ ఉత్తర్వుతో పోతాయి. జడ్జిగారు వెళ్లినా పద్ధతి కుర్చీలోనే ఉండిపోవాలంటే దాన్ని కాపాడే మనిషి ఒకరు ఆఫీసులో ఉండాలి.

ఈ ఆలోచన పైవారికి రాకపోలేదు. 2010 నుంచి 2015 వరకు అమలైన 13వ ఆర్థిక సంఘం న్యాయవ్యవస్థకు 5,000 కోట్లు కేటాయించింది. అందులో 300 కోట్లు ప్రత్యేకంగా కోర్టు మేనేజర్ల కోసం. ఎంబీఏ చదివినవారిని తీసుకుని, జాబితాలు, రికార్డులు, మనుషులు, వసతులు అన్నీ వారు చూసుకుంటే జడ్జి కేసు వినడం మీదే మనసు పెడతాడని ఉద్దేశం. ఆసుపత్రిలో ఆపరేషను చేసే డాక్టరునే దుప్పట్లు ఉతికించే పని కూడా చూడమంటే ఎలా ఉంటుంది? మన జిల్లా జడ్జీలు ఇన్నాళ్లూ చేసింది అదే. జనరేటరుకు డీజిలు, కారుకు డ్రైవరు, పైకప్పు కారడం, సిబ్బంది సెలవు చీటీలు, అన్నీ ఆయన బల్ల మీదికే.

మరి మేనేజర్లు వచ్చి ఏం చేశారు? చాలాచోట్ల వారిని కాంట్రాక్టు మీద పెట్టారు. ఆర్థిక సంఘం గడువు తీరాక జీతం ఎవరివ్వాలన్నది తేలలేదు. అధికారం ఏమిటో రాసివ్వలేదు. నేను చూసిన ఒక కుర్రవాడు, బాగా చదువుకున్నవాడు, కోర్టుకు పెద్దలు వచ్చినప్పుడు పూలదండలు, కుర్చీలు చూసుకోవడంతోనే రోజులు గడిపాడు. ఒకసారి జాబితాల గురించి ఏదో చెప్పబోతే, "నిన్న కాక మొన్న వచ్చి మాకు చెబుతావా" అని మా సీనియర్లే అతని నోరు మూయించారు. ఆ సీనియర్లలో నేనున్నానని ఒప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది. కోర్టు మేనేజర్లను రెగ్యులర్ ఉద్యోగులుగా తీసుకోవాలని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. 2025 మే నెలలో మళ్లీ చెప్పి, నియమాలు తయారుచేయడానికి హైకోర్టులకు గడువు కూడా పెట్టింది. ఒకే మాట రెండుసార్లు చెప్పాల్సి వచ్చిందంటేనే సంగతి అర్థమవుతుంది.

మన రెండు రాష్ట్రాల్లో పైస్థాయిలో మార్పులు తక్కువేం కాలేదు. 2019 జనవరి 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌కూ తెలంగాణకూ వేర్వేరు హైకోర్టులు ఏర్పడ్డాయి. తెలంగాణ హైకోర్టు న్యాయమూర్తుల సంఖ్యను 2021లో 24 నుంచి 42కు పెంచారు. 2022 జూన్ 2న తెలంగాణలో కొత్త జిల్లాలకు జిల్లా కోర్టులొచ్చాయి, జనానికి దూరం తగ్గింది. 2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టు అన్నదమ్ముల భూతగాదాలో తెలుగులో తీర్పిచ్చింది. ఇవన్నీ సంతోషించాల్సినవే. వీటన్నిటి కిందా కోర్టు ఆఫీసు చిన్న గది ఒకటుంది. అందులో కట్టలు, కట్టలకు ఎర్రటేపు, పక్కన బెంచి క్లర్కు. అక్కడ సర్దకుండా పైన ఎన్ని అంతస్తులు కట్టినా వాయిదా వాయిదాయే.

ఇంకో చిక్కు ఉంది. బయటివారికి తెలియదు. జడ్జిలకు నెలకు ఇన్ని యూనిట్లని లెక్క ఉంటుంది. ఏ కేసు తేలిస్తే ఎన్ని యూనిట్లో పట్టికలో ఉంటుంది. మంచి ఉద్దేశంతో పెట్టినదే. కానీ లెక్క ఉన్నచోట మనిషి లెక్కకు పని చేస్తాడు. తేలిగ్గా తేలేవి ముందు తేలుతాయి. ఇరవై ఏళ్ల పాత పంపకం దావా, నలుగురు వారసులు చచ్చిపోయి పదిమంది కొత్తవారు చేరినది, అడుగున పడి ఉంటుంది. పాత కేసులకు ఎక్కువ విలువ ఇవ్వాలని అంటూనే ఉన్నారు, కొంత మార్చారు కూడా. ఇంకా మార్చాలి.

తీర్పు వచ్చాక కథ ముగిసిందనుకుంటారు. డిక్రీ చేతికొచ్చాకే కక్షిదారు కష్టాలు మొదలవుతాయని అప్పటి అత్యున్నత కోర్టు ప్రీవీ కౌన్సిల్ 1872లోనే అంది. ఆ డిక్రీని అమలు చేయించడానికి వేసే ఎగ్జిక్యూషన్ పిటిషనే ఈపీ. ఈపీలను 6 నెలల్లో తేల్చాలని సుప్రీంకోర్టు 2021లో ఆదేశించింది. 2025లో లెక్క తీస్తే దేశంలో 8 లక్షలకు పైగా ఈపీలు పెండింగు. గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడ్చాడన్న మన పెద్దల మాటకు ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. ఈపీలోనూ మళ్లీ అదే తంతు. నోటీసు, చిరునామా, బత్తా, తాళం.

ఏం చేయాలని మీరడిగితే, నేను పెద్ద పథకాలు చెప్పలేను. దావా తీసుకునేటప్పుడే చిరునామాను పరీక్షించే పని ఒకరికి అప్పగించాలి. అందులో గుర్తులు, ఫోను నంబరు లేకపోతే వెనక్కివ్వాలి. రేపటి జాబితాను ఇవాళ సాయంత్రం చూసే పావుగంటను జడ్జిగారి ఇష్టానికి వదలకుండా నియమం చేయాలి. జాబితాలో కేసు పక్కన గంట కూడా వేయాలి. పదిన్నరకు అందరినీ రమ్మనడం కాదు, సాక్షిని పదకొండింటికి, వాదనలను మూడింటికి రమ్మనాలి. కేరళలో కొల్లంలో 2024 నవంబరు నుంచి చెక్కు బౌన్సు కేసులకు మనిషి రానక్కర్లేని కోర్టే నడుపుతున్నారు. మనం కనీసం గంట చెప్పగలం. కోర్టు మేనేజర్‌కు పూలదండల పని తప్పించి ఈ పని అప్పగించండి.

ఆ పెద్దాయన సంగతి చెప్పకపోతే మీరు నన్ను వదలరు. మర్నాడు కొత్త బత్తా కట్టించి, అమీనాను బస్టాండు పక్క టీ కొట్టుకు పంపాను. అరగంటలో ఆ తమ్ముడి కొడుకు సమన్లు తీసుకున్నాడు, సంతకం పెట్టాడు, అమీనాకు టీ కూడా ఇచ్చాడు. మరుసటి వాయిదాకు వకాల్తా పడింది. ఆ దావా చివరికి లోక్ అదాలత్‌లో రాజీ అయింది. చివరి రోజున ముగ్గురు ప్రతివాదులూ, పెద్దాయనా అదే వేపచెట్టు కింద కలిసి అన్నం తిన్నారు.

ఈ ప్రసంగం వింటున్నవారిలో కోర్టులో కేసున్నవారు తప్పకుండా ఉంటారు. మీ వకీలు గారిని అడిగి మీ కేసు సీఎన్ఆర్ నంబరు రాసుకోండి, ఇంట్లో క్యాలెండరు వెనక అయినా సరే. కొత్తగా దావా వేసేవారు ఎదుటి పక్షం ఇల్లు ఎక్కడో, పని ఎక్కడో, ఏ వేళకు దొరుకుతారో, ఫోను నంబరేమిటో మీకు తెలిసిందంతా ఒక కాగితం మీద రాసి వకీలు గారి చేతిలో పెట్టండి. ఎవరూ అడగకపోయినా సరే, చెప్పండి.